క్యాబేజీ ఆకు పడవలో గోరు ముక్క

మా అమ్మాయి మొన్న స్నేహితురాళ్ళతో థాయ్‌లాండ్ వెళ్ళి, పున్నమి సాయంత్రం అక్కడి నదిలో పూలపడవ వదులుతూ తీసుకున్న ఫోటో పంపింది, కింద "మమ్, సో ప్రెట్టీ! నీకు దీని గురించి తెలుసా?" అని రాసింది. తెలుసునని ఒక్క మాట జవాబిచ్చి ఫోను పక్కన పెట్టాను కానీ, పదేళ్ళ తర్వాత కూడా ఆ పడవను చూడగానే అరచేతులు చల్లబడడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఆ పిల్లకు చెప్పని సంగతి ఒకటుంది. పరదేశం వచ్చి ఎవరో సంతకం పెట్టిన కాగితం మీద బతికిన నా ఈడు వాళ్ళు చదివితే వాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదన్న ధైర్యంతో, నేను మరిచిపోకముందే దాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. ఏలూరు దగ్గర పల్లె నుంచి న్యూకాసిల్ వచ్చి వృద్ధుల కేర్ హోమ్‌లో పనికి కుదిరాక, మా పేట చివరనున్న కౌన్సిల్ లైబ్రరీయే నాకు కాలేజీ అయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలియని మాటలు చిన్న నోటు పుస్తకంలో ఎక్కించుకుంటూ, వారానికి రెండు మూడు పుస్తకాలు పూర్తి చేసేదాన్ని. చదివినదాన్ని నలుగురికీ చెప్పకుండా ఉండలేకపోవడం నాకున్న జబ్బు. టీ ఇస్తూ ఆవలిస్తున్న ముసలివాళ్ళకు అగ్నిపర్వతాల గురించి చెప్పిన మనిషిని నేను.

ఆ ఏడాది మా మేనేజరమ్మ నెలకొక దేశం పండుగ చేద్దామంది. నేను మర్నాడే యాత్రికుల కోసం రాసిన థాయ్‌లాండ్ పుస్తకం తెచ్చి, ఏప్రిల్‌లో వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ సోంక్రాన్ నాడు పెద్దవాళ్ళ చేతుల మీద అత్తరు నీళ్ళు పోస్తారనీ, వానాకాలంలో మనిషెత్తు మైనపు కొవ్వొత్తులను ఊరేగిస్తారనీ, బుద్ధుడి పండుగల సెలవు రోజుల్లో మందు అమ్మరు కనుక చూడవచ్చినవాళ్ళు ముందే తెలుసుకోవాలనీ గడగడా అప్పజెప్పాను. నవంబరులో పూలపడవలో దీపం పెట్టి నదిలో వదిలే లోయ్ క్రథోంగ్ నాకు అన్నిటికంటే నచ్చింది. మాది చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా, పక్కింటివాళ్ళు కార్తీక పౌర్ణమికి అరటిదొప్పలో దీపం పెట్టి కాలువలో వదలడం చూస్తూ పెరిగినదాన్ని. అదే పున్నమికి అంత దూరాన ఇంకో జాతి వాళ్ళు కూడా నీటిమీద దీపం వదులుతారని చదివి పొంగిపోయాను.

ఇంత చెప్పానే గాని, హోమ్ వంటగదిలో అచ్చమైన థాయ్‌లాండ్ మనిషి ఒకావిడ ఉందనీ, ముందు ఆవిణ్ణి అడగాలనీ నాకు తట్టలేదు. నన్ను వాళ్ళ భాషలో చెల్లెల్ని పిలిచినట్టు "నొంగ్" అని పిలిచేది. "నొంగ్, పుస్తకం పక్కన పెట్టి చెయ్యి కడుక్కో. పడవ చేత్తో చేస్తారు, కళ్ళతో కాదు," అని నవ్వింది. అరటి బోదెలు దొరకని ఊళ్ళో రొట్టె ముక్క మీద క్యాబేజీ ఆకులు మడిచి గుండుసూదులు గుచ్చి, చామంతులు పెట్టి పది పడవలు చేసింది. పడవలో కాస్త జుట్టూ గోరూ వేస్తే ఏడాది పీడ కొట్టుకుపోతుందని పుస్తకంలో ఉందని నేనంటే, "మా ఇంట్లో ఎప్పుడూ వెయ్యలేదు. పువ్వు చాలు," అంది.

నాకు చాలలేదు. నిజానికి తీసిన గోళ్ళు ఎవరి చేతికైనా చిక్కితే చేతబడి చేస్తారని మా నాయనమ్మ ప్రార్థన చేసుకుంటూనే గొయ్యి తీసి పాతిపెట్టేది కనుక, దీపం పక్కన గోరు అన్న మాటకే నా ఒళ్ళు జలదరించింది. అయినా అచ్చులో చదివినది ఆ భయాన్ని నోరెత్తనివ్వలేదు.

మా హోమ్‌లో ఒకప్పుడు ఓడల్లో పనిచేసిన పెద్దాయన ఉండేవారు. షుగరు ఉంది, రక్తం పలచబడే మాత్ర వేసుకునేవారు, ఉదయం జరిగింది సాయంత్రానికి మరిచేవారు. నా ఉపన్యాసం విని చెయ్యి చాపి, "పెట్, నాది కూడా వెయ్యి. ఈ ఏడు పీడ చాలానే ఉంది," అన్నారు. ఆ ఊళ్ళో ముద్దుగా పిలవడానికి పెట్ అంటారు. షుగరు ఉన్నవాళ్ళ గోళ్ళు మేము తియ్యకూడదని గోడ మీదే రాసి ఉంది. నిప్పు ప్రమాదమని మేనేజరమ్మ అంటే అసలు కొవ్వొత్తులు మాని బ్యాటరీ దీపాలు పెట్టించిన నేనే, ఆ గోడకు వీపు పెట్టి కూర్చుని ఆయన ఉంగరపు వేలి గోరు కత్తిరించాను. కత్తెర జారి చర్మం తెగింది. ఎంత అదిమినా రక్తం ఆగలేదు. ప్లాస్టరు మీద ప్లాస్టరు చుట్టి, ఎవరికీ చెప్పకుండా, తోటలోని చిన్న కొలనులో నవ్వుతూ పడవలు వదిలించాను.

నా వీసా ఆ హోమ్ పేరు మీద ఉంది. రెన్యూవల్ జనవరిలో. మేనేజరమ్మ ఉత్తరం ఇవ్వకపోతే మా ఆయనా, ఎనిమిదేళ్ళ పిల్లా, నేనూ పెట్టెలు సర్దుకోవాలి. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన గిన్నె కింద పెట్టేసి, "నీకేమన్నా మతిపోయిందా? జనవరి దగ్గర పెట్టుకుని నోరు తెరుస్తావా? ఆయనకెలాగూ గుర్తుండదు, ఊరుకో," అన్నారు. ఊరుకున్నాను. మర్నాడు పెద్దాయన వేలు ఎర్రబడింది. మూడో రోజుకు వాచి, ఆయనకు జ్వరం వచ్చింది. టీ కప్పు అందిస్తే పట్టుకోలేక నా వైపు చూసి నవ్వారు. దేవుడు శిక్షిస్తున్నాడా, నాయనమ్మ చెప్పిందే జరుగుతోందా అని నాలో నేనే భయపడ్డాను. ఫోను మోగితే పోలీసులేమోననిపించేది.

జీపీ డాక్టరు వచ్చి మందులు రాసి వెళ్ళాక, పడవలకు గుచ్చిన గుండుసూదులే ఆ గాయానికి కారణమని మేనేజరమ్మ తేల్చింది. వంటావిడ తలుపు దగ్గర ఏప్రన్ అంచు నలుపుతూ, "సూదులు నేనే గుచ్చాను," అని తలొంచుకుంది. ఆవిణ్ణి ఆ వారంతో పని మానిపిస్తారన్న మాట స్టాఫ్ రూమ్‌లో వినపడింది. నేను అక్కడే కూర్చుని చల్లారిన టీ తాగాను. లేచి మేనేజరమ్మ గది దాకా నడిచిన ఆ ఇరవై అడుగులంత దూరం, ఏలూరు నుంచి న్యూకాసిల్ కూడా లేదు.

నేను చెప్పినదంతా విని మేనేజరమ్మ, "ఆయన్ని అడిగితే గోరు తానే కొరుక్కున్నానని మూడుసార్లు చెప్పాడు. నోట్లో ఒక్క పన్ను లేని మనిషి!" అంది. పొద్దున తిన్నది గుర్తులేని ఆయనకు నా సంగతి మాత్రం మూడు రోజులు గుర్తుండిపోయిందని తెలిసి, ఆ గదిలో ఆవిడ ముందే ఏడ్చాను. ఆవిడ ఫారం చేతికిచ్చి, "ఒక్క మాట వదలకుండా రాయి," అంది. నోటు పుస్తకంలో కూడబెట్టుకున్న ఇంగ్లీషంతా రెండు పేజీల్లో ఖర్చు చేశాను.

నా ఫైల్లో రాతపూర్వకమైన హెచ్చరిక చేరింది. వేలు నెమ్మదిగా మానింది. జనవరి దాకా ఒక్క పూట కూడా నిశ్చింతగా నిద్రపోలేదు. చివరికి మేనేజరమ్మ ఇచ్చిన ఉత్తరంలో, తప్పు చేసిందనీ, వచ్చి తానే చెప్పిందనీ రెండూ ఉన్నాయి. ఆ ఉత్తరంతోనే వీసా మళ్ళీ వచ్చింది. ఏప్రిల్‌లో సోంక్రాన్ నాడు వంటావిడ గిన్నెడు గులాబీ నీళ్ళు నా చేతికిచ్చి, "ఈసారి నీళ్ళు మాత్రమే. కత్తెర జేబులో లేదు కదా?" అని తడిమి చూసింది. పెద్దాయన రెండు చేతులూ చాపారు. మానిన ఆ వేలి మీదనుంచే పోయడం మొదలుపెట్టాను.

ఇప్పుడా లైబ్రరీ మూతపడి ఫ్లాట్లు లేచాయి. పుస్తకాల్లో నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని వెతికినది మా అమ్మాయికి ఫోనులో నిమిషంలో దొరుకుతుంది. తనకు ఈ దేశం పాస్‌పోర్టు ఉంది. ఏ ఊరి పండుగకైనా వెళ్ళి, చూసి, ఆనందించి తిరిగొస్తుంది. ఒక్క పొరపాటుకు ఇల్లే ఖాళీ చెయ్యాలేమోనన్న భయం దానికి తెలియదు, తెలియకూడదనే ఇన్నేళ్ళు పనిచేశాను. కానీ ఆ భయంతో పాటు, ఆ భయంలో నా పక్కన నిలిచిన మనుషులు కూడా దానికి తెలియకుండా పోతున్నారు. అందుకని పేర్లతో సహా రాస్తున్నాను. నింద మోసి ఒక్క మాట అనని వంటావిడ లెక్ అక్కకు, తప్పునూ నిజాన్నీ ఒకే కాగితం మీద రాసిన మార్గరెట్ మేడమ్‌కు, ఊరుకోమని చెప్పి కూడా మర్నాటి నుంచి బస్టాపు దాకా నాతో నడిచిన మా ఆయన ఇమ్మానుయేలుకు, ఇప్పుడు లేని ఆ పెద్దాయన ఆల్బర్ట్ గారికి నా కృతజ్ఞతలు. ఆల్బర్ట్ గారికి బతికుండగా చెప్పాను. ఆయన, దేనికమ్మా, అన్నారు.