మబ్బు వెనక జలపాతం

నేను చెప్పే కథల్లో ముప్పాతిక వంతు కల్తీయేనని ఇంగ్లండ్‌లో మేముండే స్లౌ ఊళ్లో మా స్నేహితులందరికీ తెలుసు. ఈ ఒక్కదానిలో మాత్రం చిటికెడు కూడా కలపలేదు.

బర్మింగ్‌హామ్ వెళ్లే రైల్లో కూర్చుని, కోస్టారికా మబ్బుల అడవిలో జలపాతం దాకా నడిచే ప్లాన్‌ను ఫోన్లో తెలుగులో రాసుకుంటున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ తొంగిచూశారు.

“పొద్దున ఎక్కడం, ఫొటో, పులిహోర, మధ్యాహ్నం బస్సుకి దిగిపోవడం. అంతేనా బాబూ?”

“అంతే ఆంటీ. జలపాతం ఎక్కడికైనా పారిపోతుందా?”

“పారిపోదు, దాక్కుంటుంది. మేం వెళ్లినప్పుడు అంతా మబ్బు కమ్మేసింది. హోరు తప్ప ఏమీ లేదు. మా ఆయన పోదాం పదమని ఒకటే గోల. పులిహోర అయ్యేదాకా కదలనని మెతుకు మెతుకూ ఏరుకుని తిన్నాను. అప్పుడూ...”

ఆవిడ రెండు అరచేతులూ దగ్గరగా చేర్చి, మెల్లగా పక్కలకు విప్పారు. ఆ చేతుల మధ్య ఎదుటి సీటు తప్ప ఏమీ లేదు. అయినా నేను తలెత్తి పైకి చూశాను.

మధ్యాహ్నం బస్సును ప్లాన్‌లోంచి కొట్టేశాను. ఆ జలపాతం దగ్గరికి వెళ్లాను. పులిహోర మెతుకు మెతుకూ తింటూ సాయంత్రం దాకా కూర్చున్నాను. మబ్బు విడలేదు.

జలపాతం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఏమీ మాట్లాడకుండా ఆవిడలాగే చేతులు విప్పుతాను. అడిగినవాళ్లు తలెత్తి పైకి చూస్తారు.