నిదానంగారి బ్రేకు డిస్కులు

బస్సు ఎక్కేవాళ్ళు ఆయనకు పెట్టిన పేరు నిదానం. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. "ఇవాళ నిదానం బండి, ఆఫీసుకి ఆలస్యమే" అని విసుక్కున్నవాళ్ళే, చంకలో చంటిపిల్ల ఉన్న రోజున "హమ్మయ్య, నిదానం బండే" అని ఊపిరి పీల్చుకునేవారు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు కూడా తూలేవారు కాదు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన బస్సు కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఎవరైనా ఆ మాటంటే ఏమీ ఎరగనట్టు మీసం సవరించుకునేవాడు.

అలాంటి మనిషి రిటైరైన కొద్దిరోజులకే పరుగు కోసమే పుట్టిన కారు కొన్నాడు. ముదురు నీలం రంగు, నాలుగు తలుపులు. ఎవరో మోజు తీరి అమ్మేసినది. చూడ్డానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది గానీ, కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. ఎందుకు కొన్నావంటే, అంత బరువైన బస్సును జీవితమంతా ఈడ్చిన కాలికి, ముట్టుకుంటే పలికే బండి ఎలా ఉంటుందో చూడాలనిపించింది, అంతే.

భార్య పకపకా నవ్వింది. "పందెం గుర్రాన్ని కొనుక్కొచ్చి, కళ్ళెం పట్టుకుని పక్కన నడుస్తారు కాబోలు!" అంది. అన్నట్టే అయింది. ఆ కారు ఆయన చేతిలో సైకిళ్ళకు కూడా దారి ఇచ్చేది. ఆవిడ ఒకట్రెండుసార్లు ఎక్కి, తల తిరుగుతోందని మానేసింది. కొడుకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. వాడు పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు.

కొన్న కొత్తలోనే బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. డిపోలో ఆయనతో పాటే పనిచేసి, ఆయనతో పాటే రిటైరైన మేస్త్రీ ఒకడున్నాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు 'బావా' అనుకునేవారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో తోచిన పని చేసుకుంటుంటాడు. కారును ఓసారి నడిపి చూసి, "ముందు చక్రాల బ్రేకు డిస్కులు అరిగి అట్టముక్కలైపోయాయి బావా. చెక్కించినా లాభం లేదు, మార్చెయ్యి" అన్నాడు.

ఇద్దరూ కలిసే మార్చారు. చక్రాలు విప్పి, ప్యాడ్లతో డిస్కును రెండు వైపులా నొక్కిపట్టే కాలిపరును ఊడదీసి, దాని నూనె గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టారు. తుప్పుతో కరుచుకున్న పాత డిస్కును చెక్కసుత్తితో తట్టి తట్టి బయటికి తెచ్చారు. అది కూర్చునే చోటును నిదానం తీగబ్రష్షుతో అద్దంలా రుద్దాడు. చిన్న ఇసుకరేణువు మిగిలినా కొత్త డిస్కు వంకరగా తిరుగుతుందని ఆయన భయం. ఆఖర్న డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూ బిగిస్తుంటే స్క్రూడ్రైవరు జారి దాని తల కాస్త చెదిరింది. "నీ గుర్తు పడిందిలే" అని మేస్త్రీ ఎకసెక్కెమాడాడు.

"కొత్త డిస్కుకీ కొత్త ప్యాడ్లకీ ముందు పరిచయం చెయ్యాలి బావా. తొందరపెట్టావో, బతికినన్నాళ్ళూ పోట్లాడుకుంటాయి."

"నాకు తొందరేమిటి?" అన్నాడు నిదానం. ఖాళీ రోడ్డు మీద మెల్లగా వేగం పెంచుతూ, మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య గాలికి చల్లారనిస్తూ పొద్దున్నంతా ఆ పరిచయమే చేశాడు. ఆ తర్వాత బ్రేకు వెన్నలో చెంచా దిగినట్టు దిగేది. నెలకోసారి చక్రం విప్పి, డిస్కు మీద వేలు నడిపి చూసుకునేవాడు. ప్యాడు రాసుకునే మేర అరిగి, అంచున సన్నని గట్టు లేస్తుంది. అది గోటికి తగులుతుంటే, అరుగుదల సమంగా ఉందని మురిసిపోయేవాడు.

అంతలో పొరుగు జిల్లాలో ఉంటున్న ఆయన అక్క జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ప్రతి శని, ఆదివారాలూ వెళ్ళి చూసి రావలసిన పని పడింది. కారులో వెళ్తానంటే భార్య ఒప్పుకోలేదు. "అంత దూరం నడిపితే నడుం పట్టేస్తుంది. హాయిగా రైల్లో వెళ్ళి రండి" అంది. కొడుకు ముందే టిక్కెట్టు తీసిపెట్టేవాడు. స్టేషనుదాకా వచ్చి, సంచి అందించి, రైలు కదిలేదాకా నిలబడేవాడు. తనకోసం ఇంట్లోవాళ్ళు ఇంత ఆలోచిస్తున్నారని ఆయన అక్క దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

అక్క కర్రపట్టుకుని లేచి తిరగడం మొదలెట్టిన రోజుల్లో, ఓ ఉదయం ఆయన అలవాటుగా చక్రం విప్పాడు. డిస్కు అంచున గోరు పెట్టాడు. గట్టు తగల్లేదు. ఇంకోవైపు చూశాడు. అటూ లేదు. నున్నగా, నిన్న పెట్టెలోంచి తీసినట్టుంది. అరిగిన డిస్కు తిరిగి లావెక్కడం ఎక్కడైనా ఉంటుందా? కళ్ళజోడు తుడుచుకుని స్క్రూ వంక చూశాడు. తల చెదిరిన స్క్రూ కాదది. తళతళలాడుతున్న కొత్తది.

దొంగలైతే ఎత్తుకుపోతారు గానీ, ఎత్తుకుపోయి కొత్తవి పెట్టి వెళ్ళరు. ఏం చేయాలో తోచక తిన్నగా మేస్త్రీ దగ్గరికి నడిచాడు. ఇలాంటి వింత చెప్పుకోవడానికి ఆయనకు ఇంకెవరున్నారు?

మేస్త్రీ షెడ్డులో లేడు. లోపల స్నానం చేస్తున్నాడు. నిదానం బయట పీట లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా పాత ఇనుము పోగులో, అన్నిటికంటే పైన, రెండు డిస్కులు పడున్నాయి. వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. కాగిన పెనంలా అక్కడక్కడా నీలి మచ్చలు. మధ్యనుంచి అంచుదాకా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. అంత వేడి పుట్టాలంటే ఆ చక్రాన్ని ఎంత వేగం మీద ఎన్నిసార్లు గొంతు పట్టి ఆపి ఉండాలి? రెండోదాని స్క్రూ గుంటలో, తల చెదిరిన స్క్రూ ఇంకా ఇరుక్కునే ఉంది.

మేస్త్రీ తల తుడుచుకుంటూ వచ్చి, ఆయన చేతిలోది చూసి, తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

"ఇవి నావే కదా బావా?"

"కూర్చో. కాఫీ తెమ్మంటాను."

"నావే కదా?"

"నీవే" అన్నాడు మేస్త్రీ. తర్వాత ఆపకుండా చెప్పేశాడు. ఊరవతల విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఉంది. శని, ఆదివారాలు కొందరు కార్లు తెచ్చి, గడియారం పెట్టుకుని పరుగెత్తిస్తారు. నిదానం రైలెక్కగానే కొడుకు ఇంట్లో మేకుకుండే తాళం తీసి కారు తీసుకెళ్ళేవాడు. బ్రేకులు చూసిపెట్టడానికి మేస్త్రీ వెళ్ళేవాడు. "వాడు భలే నడుపుతాడు బావా. నువ్వు చూస్తే..."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే వద్దంటావు."

"వద్దంటాను కాబట్టి చెప్పలేదు. బాగుంది. మా ఆవిడకి తెలుసా?"

మేస్త్రీ పోగులోంచి అక్కర్లేని బోల్టు ఒకటి తీసి, దాన్ని తుడవడం మొదలుపెట్టాడు.

"తెలుసా అని అడుగుతున్నా."

"చెల్లెమ్మ కూడా వస్తుంది. ముందు సీట్లో కూర్చుంటుంది. చిన్నపిల్లలా కేకలేస్తుంది" అన్నాడు మేస్త్రీ, ఆ జ్ఞాపకానికి తనకు తెలియకుండానే నవ్వి, నవ్వినందుకు నాలుక కరుచుకుని.

"ఇలా పగిలిన డిస్కులతోనా?"

"పగుళ్ళు కనిపించగానే మార్చేశాను బావా, నీమీదొట్టు!"

"నామీద ఇంక ఒట్టు పెట్టకు" అన్నాడు నిదానం. డిస్కులు రెండూ చంకన పెట్టుకుని లేచాడు. అంత బరువు మోసుకుని అంత దూరం ఎందుకు నడిచాడో ఆయనకే తెలియదు. చొక్కా మీద తుప్పు అంటింది.

ఇంట్లో భార్య, కొడుకు భోజనానికి కూర్చోబోతున్నారు. డిస్కులు తెచ్చి బల్ల మీద, పళ్ళేల మధ్య పెట్టాడు. ఎవరూ ఇదేమిటని అడగలేదు. అడగకపోవడంతోనే ఆయనకు అంతా తేలిపోయింది.

"నాన్నా, నేనే చెబుదామనుకున్నాను" అన్నాడు కొడుకు.

"ఎప్పుడు? మీ అత్త రెండో తుంటి విరిగాకా?"

భార్య తలెత్తింది. "తప్పే. కానీ మీరు ఆ కారును ఎలా నడుపుతారో మీకు తెలుసా? పక్కనుంచి దాటిపోయే బళ్ళను వాడు కళ్ళప్పగించి చూస్తుండేవాడు. ఒక్కసారి, ఒక్కసారన్నా అది ఎలా పరిగెడుతుందో చూద్దామనుకున్నాం. ఒక్కసారితో ఆగలేదు."

"తల తిరుగుతుందన్నావుగా నాతో వస్తే?"

ఆవిడ పళ్ళెంలో రాలిన తుప్పును వేలితో తుడిచింది.

కొడుకు అన్నీ చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాడు కాబోలు, అక్కడ కారును ఏ పేరుతో రాయించాడో కూడా చెప్పాడు. నిదానం. ఆ పేరుతో అంత జోరుగా పోయే బండి రాగానే రన్‌వే పక్కన చేరినవాళ్ళంతా "నిదానం! నిదానం!" అని అరిచి, పొట్ట పట్టుకుని నవ్వుతారట. "నీమీద ప్రేమతోనే పెట్టాను నాన్నా" అన్నాడు.

ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కారు తీసుకెళ్ళినందుకు తిట్టగలడు. డిస్కులు పాడుచేసినందుకు అరవగలడు. జీవితమంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని సంపాదించుకున్న ఒకే ఒక్క పేరును ఇంటివాళ్ళే తీసుకెళ్ళి నలుగురి నవ్వులకూ పంచిపెడితే, దానికి ఏ మాట అనాలో ఆయనకు దొరకలేదు. చెయ్యి కడుక్కున్నాడు. తినకుండానే వెళ్ళి పడుకున్నాడు.

ఆ తర్వాత అక్క దగ్గరికి కారులోనే వెళ్ళాడు. నడుం పట్టెయ్యలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొడుకు కొన్నాళ్ళు తలొంచుకుని తిరిగి, చివరికి స్నేహితుడితో కలిసి పాత చిన్న కారొకటి కొనుక్కున్నాడు. రన్‌వేకి చెప్పే వెళ్తున్నాడు. నిదానం "ఊఁ" అంటాడు. అంతకుమించి అడగడు. మేస్త్రీ రెండు మూడుసార్లు గుమ్మందాకా వచ్చాడు. కాఫీ ఇచ్చారు, వర్షాల గురించి మాట్లాడారు. చివరిసారి వెళ్ళేటప్పుడు కారు వంక చూసి, "బ్రేకులెలా ఉన్నాయి?" అని అడిగాడు. "బాగానే ఉన్నాయి" అన్నాడు నిదానం. 'బావా' అనలేదు. మేస్త్రీ మళ్ళీ రాలేదు.

వేసవి ముదిరాక బ్రేకు నూనె మార్చాల్సి వచ్చింది. అది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర వదులుచేసి గాలి బుడగలు పోనివ్వాలి. నిదానం కర్రముక్కను పెడలుకీ సీటుకీ మధ్య దూర్చి చూశాడు. అది జారిపోయింది. మళ్ళీ దూర్చాడు. మళ్ళీ జారింది. ఎవర్నీ పిలవలేదు.

భార్య వరండాలోంచి చూస్తూనే ఉంది. చెప్పులేసుకుని వచ్చి, కర్రముక్క తీసి పక్కన పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుంది. "తొక్కమంటారా?" అంది.

ఆయన చక్రం పక్కన చతికిలబడి, మరకు పానా తగిలించాడు.

"తొక్కు" అన్నాడు.

నల్లబడ్డ నూనె గొట్టంలోంచి సీసాలోకి దిగింది. మర బిగించాడు. "వదులు."

"తొక్కు." "వదులు." ఆ వారంలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలన్నిటికంటే అవే ఎక్కువ. నాలుగు చక్రాలూ అయ్యేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆవిడ దిగి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకేమైనా చెయ్యాలా?" అంది.

"ఏం లేదు" అన్నాడు. చెయ్యి చాపాడు. ఆవిడ ఓ క్షణం ఆ చేతి వంక చూసి, కారుకే ఉన్న తాళం తీసి అందులో పెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు బొత్తాం పెట్టుకున్నాడు.