తిథి తెలియని తల్లి

"ముత్తాత పేరు చెప్పు" అని లక్ష్మీపతి స్వామి అడిగితే మా ఇంట్లో ఎంతటివాడైనా నీళ్ళు నమలాల్సిందే. తద్దినం పీట మీద కూర్చుని, చేతిలో నువ్వులు పట్టుకుని, పక్కవాడి మొహం చూసేవాళ్ళం. ఆయన ఊరుకునే రకం కాదు. "సినిమా హీరో వాళ్ళ తాత పేరు అడిగితే గడగడా చెప్తావే? నీ తాతను కన్నోడి పేరు తెలీదా?" అని అందరి ముందూ కడిగేసేవాడు. కడగడం అయ్యాక ఆ పేరు తానే అందించేవాడు. మా వంశంలో పోయినవాళ్ళంతా ఆయన నాలుక మీద భద్రంగా ఉండేవాళ్ళు.

నా పేరు మహీధర్. ప్రొద్దుటూరులో మాకు బట్టల కొట్టు ఉంది. స్వామిది పులివెందుల. ప్రొద్దుటూరులో పురోహితులకేం కరువు అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. మా నాన్న పులివెందులలో కొట్టు పెట్టిన రోజుల నుంచీ మంచికీ చెడ్డకీ ఆయనే. ఎర్రబస్సు దిగి, గుడ్డసంచీలో దర్భలూ పంచాంగం పెట్టుకుని, కాఫీలో చక్కెర తక్కువైందని మా వంటావిడతో తగాదా పెట్టుకుంటూ వచ్చేవాడు. ఆయనకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, ఆకలి ఇంకా ఎక్కువ. నాకు మాత్రం ఆయనంటే ప్రాణం.

ఊరందరి తిథులూ చెప్పే ఈ మనిషికి వాళ్ళమ్మ తిథి తెలియదు. ఆమెకు ఏటా మహాలయ అమావాస్యనాడు, తిథి తెలియని వాళ్ళందరితో కలిపి పెట్టేవాడు. "అందరి అమ్మలకూ ఒక దినం ఉంది శెట్టీ. మా అమ్మ ఒక్కతే గుంపులో నిలబడి తింటాంది" అని ఒకసారి నాతో అన్నాడు. అప్పుడు నేను నవ్వాను కూడా.

వాళ్ళది కొండాపురం దగ్గర పల్లె. ఇప్పుడది గండికోట నీళ్ళ కింద ఉంది. తండ్రి కూడా పురోహితుడే. స్వామికి ఏడేళ్ళప్పుడు తల్లి కావేరమ్మకు జ్వరం వచ్చిందని తండ్రి జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. కొన్నాళ్ళకు ఒక్కడే తిరిగొచ్చాడు. పెన్న పొంగి శవాన్ని తేలేకపోయాననీ, ఆసుపత్రివాళ్ళే వాళ్ళ సమాధుల్లో పూడ్చారనీ చెప్పాడు. శవం దొరకనప్పుడు చేసే విధానం ఒకటుంది. మోదుగాకులూ దర్భలూ పేర్చి, మనిషి ఆకారంలో కట్టి, దానికి నిప్పు పెడతారు. ఆ నిప్పు ఏడేళ్ళ పిల్లవాడి చేత పెట్టించారు. ఎండుగడ్డి కదా, ఒక్కసారిగా భగ్గుమంది. స్వామి కుడిచేతి బొటనవేలు మొదట్లో నున్నటి తెల్లమచ్చ ఆనాటిదే. నువ్వులు నీళ్ళు వదిలేటప్పుడు తడి తగిలి ఆ మచ్చ మెరిసేది.

తల్లి తద్దినం సంగతి తానే చూసుకుంటానని తండ్రి దాటేస్తూ వచ్చాడు. స్వామికి ఇరవై నిండకముందే ఆయన కూడా పోయాడు. పోయేముందు, "అమ్మ తిథి నాకు గుర్తులేదు. మహాలయంలో పెట్టు. సమాధుల మాట ఎవరితోనూ ఎత్తొద్దు, మనల్ని ఇంక ఎవరూ పిలవరు" అని చెప్పాడట. తిథుల మీదే బతికిన మనిషి పెళ్ళాం తిథి ఎట్లా మరిచిపోతాడని నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. స్వామికి వచ్చిందో లేదో నేను అడగలేదు.

డెబ్బై దాటాక ఆయన మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. డయాలసిస్‌కు ప్రొద్దుటూరు రావడం మొదలుపెట్టాడు. మనిషి సగమైపోయాడు, కాళ్ళు మాత్రం బూరెల్లాగా ఉబ్బాయి. నీళ్ళు కొలిచి తాగమన్నారు. ఒకరోజు ఆసుపత్రి నుంచి నేరుగా మా కొట్టుకు వచ్చి, చీరల బేళ్ళ మధ్య కూలబడ్డాడు.

"శెట్టీ, నన్ను జమ్మలమడుగు తోడుకపో."

"పోదాం సామీ. ఆడ ఏం పని?"

"మా అమ్మ యా పొద్దు పోయిందో కనుక్కోవాల. డాక్టరు నాతో నేరుగా చెప్పడం మానేసినాడు, నా పెండ్లాం నాగరత్నమ్మను పక్కకు పిల్చి చెప్తాండాడు. నాకు అర్థం కాదా? నా కొడుకు జగదీషుకు పంచాంగం చూడను రాదు. నేను పోతే ఆమె పేరు చెప్పేటోడే ఉండడు. ఒక్కసారి, ఆమె తిథినాడు, ఆమెకొక్కదానికే ఇస్తరేసి పెట్టి పోతా. అంతే శెట్టీ, ఇంకేం అడగను."

ఎవరి ముందూ తగ్గని మనిషి బతిమాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. మర్నాడే కారు తీశాను.

ముందు ఆసుపత్రికి పోయాం. అంత పాత కాగితాలు ఇప్పుడు లేవన్నారు. ఎదురుగా మా వైశ్యుల సత్రం ఉంది. ఆ రోజుల్లో రోగుల వెంట వచ్చే శాకాహారులు అక్కడే దిగేవాళ్ళు. సత్రం చూసుకునే రామయ్య మా దూరపు బంధువు. అటక మీది పాత పుస్తకాలు దింపి, దుమ్ము దులిపి, గంటసేపు వెతికి పెట్టాడు. స్వామి తండ్రి పేరు కనిపించింది. 'భార్య వైద్యం నిమిత్తం' అని రాసి ఉంది. సత్రం ఖాళీ చేసిన తేదీ కూడా ఉంది.

స్వామి ఆ పుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు. "ఆమె పోయిన పొద్దే గదా ఆయన ఖాళీ చేసుంటాడు! ఆ తేదీ నీ ఫోన్లో కొట్టు శెట్టీ, తిథి చెప్తుందన్నావే" అన్నాడు. ఫోన్లో పంచాంగమా అని నన్ను ఎన్నిసార్లు తిట్టాడో! కొట్టి చూశాను. శ్రావణ బహుళ పంచమి. ఆయన కళ్ళు మూసుకుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. "వానల నెలే. పెన్న పొంగే కాలమే. సరిపోయింది" అన్నాడు. కాఫీ కావాలన్నాడు. తాగకూడదని గుర్తుచేస్తే, ఒక గుటక తాగి మిగతాది నాకిచ్చాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి ఎన్నేళ్ళయిందో.

అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆయనకు సమాధి కూడా చూడాలనిపించింది. చర్చికి పోయాం. గుమాస్తా మర్యాద తెలిసినవాడు. స్వామి బొట్టూ జంధ్యమూ చూసి కూడా ఏమీ అడక్కుండా కుర్చీ వేశాడు. పూడ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం తెచ్చి ఆ ఏడాదంతా చూశాడు. ముందరి ఏడూ, తర్వాతి ఏడూ కూడా చూశాడు.

"ఈ పేరు లేదు సార్" అన్నాడు.

"మళ్ళీ చూడప్పా. కావేరమ్మ. బ్రాహ్మలావిడ. శ్రావణమాసం."

"చూసినాను సార్. మా సమాధుల్లో పూడ్చింటే పేరు రాయకుండా ఉండరు."

స్వామి మొహం నల్లబడిపోయింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "ఈడ లేకుంటే యాడుంది శెట్టీ? ఏట్లో ఏసినారా? కుక్కలకు ఏసినారా?" అని గట్టిగా అరిచాడు. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. ఇంటికి పోదామన్నాను. వినలేదు. సమాధులన్నీ ఒక్కొక్కటీ చూస్తేగానీ కదలనన్నాడు.

ఎండ మాడిపోతోంది. కొన్ని సమాధులకు సున్నం కొట్టి ఉంది, కొన్నిటిని కంపచెట్లు కమ్మేశాయి. ఉబ్బిన కాళ్ళకు చెప్పులు పట్టక, ఆయన వాటిని చేత్తో పట్టుకుని నడిచాడు. ఒక వరస ఆయన, ఒక వరస నేను. ఆయన ప్రతి రాతి ముందూ వంగి పేరు పైకి చదువుతున్నాడు. యేసుదాసు, సువార్తమ్మ, దేవసహాయం అని ఆయన తద్దినాల గొంతుతో చదువుతుంటే, ఇంకోరోజైతే నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ రోజు పడి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటాడేమోనని భయంగా ఉంది. నాకు ఆశ ఎప్పుడో పోయింది.

ఉన్నట్టుండి ఆయన గొంతు ఆగిపోయింది. పరుగెత్తాను. గోడవారన చిన్న నాపరాయి. దాని మీద ఇట్లా ఉంది: 'మార్తమ్మ. లక్ష్మీపతి తల్లి. ప్రభువునందు నిద్రించెను.' కింద తేదీ, నెల, 1987.

"ఇంకెవరో లక్ష్మీపతి సామీ" అన్నాను. ఆ మాట నాకే అతకలేదు.

"క్రైస్తవుల్లో లక్ష్మీపతి అని ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడు ఆయన. గేటు దగ్గర పాత్రలు తోముకుంటున్న ఆవిడను అడిగితే, ఆ రాయి వేయించింది రషీదమ్మనీ, ఆసుపత్రిలో ఆయాగా చేసిందనీ, వెనక సందులోనే ఉంటుందనీ చెప్పింది.

రషీదమ్మ ఎనభై దాటిన మనిషి. అరుగు మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. స్వామి తన పేరు చెప్పగానే చేతిలోది కింద పడేసింది.

"వచ్చినావా సామీ?" అంది. "శానా ఆలస్యంగా వచ్చినావే."

ఆవిడ చెప్పినదంతా నేను విన్నాను. కావేరమ్మకు వచ్చింది జ్వరం కాదు, కుష్ఠు. ఇంట్లో ఆ రోగం ఉందని తెలిస్తే ఏ గడపా ఎక్కనివ్వరని ఆమె మొగుడు ఆసుపత్రిలో వదిలేసి, ఊళ్ళో చచ్చిపోయిందని చెప్పేశాడు. మందులకు రోగం పోయింది. వేళ్ళు మాత్రం పోయాయి. ఆమె అక్కడే ఉండిపోయి, ముప్పై ఏళ్ళకు దగ్గరగా వార్డులో రోగులకు అన్నం పెట్టింది.

"మతం మారిందా?" అని స్వామి అడిగాడు.

"ఇంట్లోవాళ్ళు చచ్చిపోయినాదని తీర్మానం చేసినాక, పూడ్చేదానికి యాడో ఒక చోటు కావాల గదా సామీ? ప్రేమగా పిల్చినోళ్ళ దగ్గరికి పోయినాది. పేరు మార్చుకున్యా నీ పేరు ఇడ్సలేదు. రాయి మీద ఏం రాయించాల్నో ముందే నాకు చెప్పి పెట్టినాది."

"నేను పులివెందులలో ఉండేది తెలుసా ఆమెకు?"

"తెలీకేం? పులివెందుల పక్కనుంచి ఎవురొచ్చినా నీ గురించే అడుగుతాండె. మావోడు నోరు తిరిగి మంత్రం చెప్తాడంట, పెద్ద పెద్ద శెట్లు పిలుస్తాండారంట అని వార్డంతా చెప్పుకుంటాండె. పోయి చూసి రాపో అక్కా అంటే, నేను కనపడితే వాణ్ణి ఎవురు పిలుస్తారే అంటాండె."

స్వామి రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. ఆపబోతే నన్ను తోసేశాడు. "బతికుండే అమ్మకు నువ్వులు నీళ్ళు వదిల్నా శెట్టీ! అమావాస్య తప్పకుండా వదిల్నా! ఆమె ఈడ రోగులకు అన్నం పెడ్తాంటే, నేను ఆడ ప్రేతమని పిండం పెడ్తాంటి! ఇన్ని చదివి ఏం చేసుకోవాల నేను?" అని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆయన తండ్రి మీద నాకప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ తండ్రి పేరు తలుచుకుని నేను చేతులెత్తి మొక్కే రోజు రాదు.

ఏడుపు కాస్త తగ్గాక ఆయన రషీదమ్మ వైపు తిరిగాడు. "కర్మ చేసేసినారని ఆమెకు తెలిసిందా?"

"మీ ఊరి మనిషి ఎవురో చెప్పిపోయినాడంట. గడ్డిబొమ్మకు నిప్పు పెట్టినారు, నీ కొడుకు చేతనే పెట్టించినారు అని. ఆ మాట నాకు శానాసార్లు చెప్పినాది."

"ఏమనింది? నన్ను తిట్టిందా?"

"నిన్ను ఎందుకు తిడ్తాది సామీ?" రషీదమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒకటే అడిగినాదంట ఆ మనిషిని. ఎండుగడ్డి గదా, పిల్లోడు చెయ్యి కాల్చుకోలేదు గదా అని. ఆయప్ప చూడలేదన్యాడంట. ఇంక చచ్చేదాకా అదే దిగులు ఆమెకు. కాలిందేమో, కాలిందేమో అని."

స్వామి లేచాడు. సమాధుల వైపు నడిచాడు. నేను వెనకే పోయాను. రాతి మీద తేదీ ఉంది, నా చేతిలో ఫోన్ ఉంది. "తిథి చూడమంటారా సామీ?" అని అడిగాను.

రాయి పక్కన మట్టిలో చతికిలబడ్డాడు. కుడిచెయ్యి చాచి, ఆ తెల్లమచ్చ పైకి కనపడేటట్టు అరచేతిని రాతి మీద ఆనించాడు. ఎవరైనా నిద్రపోతుంటే లేపడానికి పిలుస్తామే, అంత మెల్లగా పిలిచాడు.

"అమ్మా... రవ్వంతే కాలింది. ఎప్పుడో మానిపోయింది."