నీళ్లు రాని రోజు వచ్చిన వార్త

2019 ఎండాకాలం. కోయంబత్తూరులో ఒక తమిళ వార్తల వెబ్‌సైటులో డెస్కు మీద ఉండేదాన్ని. డెస్కంటే, పిల్లలూ, ఊళ్ల నుంచి వచ్చిన వార్తలను ఫోనులో చదివేవాళ్లకు తగ్గట్టు సరిదిద్దే చోటు. మీ అవ్వ పని అదే.

మా పనికి లీడ్ ప్రాణం. అంటే మొదటి రెండు వాక్యాలు. ఎవరికి, ఎక్కడ, ఏమైందో అందులోనే తెలియాలి. లేకపోతే చదివేవాళ్ల వేలు కిందికి జారిపోతుంది.

ఒక పొద్దున మెయిల్ వచ్చింది. కారమడై పక్క ఊళ్లో పంచాయతీ నీళ్ల మోటారు చూసుకునే సెల్వి ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ కలిపిందట. ఆ నీళ్లు తాగి ఐదుగురు పిల్లలు వాంతులు చేసుకున్నారట. లీడ్‌లో మార్చడానికి ఒక్క మాట లేదు. నాకు అక్కడే అనుమానం తగిలింది. కడుపు మండినవాళ్లు అంత వరసగా చెప్పరు. పైగా, ఆమెను తీసేసి అనుభవమున్న మగమనిషిని వేయాలని చివర్లో ఒక ముక్క. పంపినవాళ్ల పేరు లేదు.

ఇంకొకటి. ఒక పిల్లవాడి అవ్వ రంగమ్మాళ్ ఫోనులో చెప్పిందంటూ నాలుగు వాక్యాలున్నాయి. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లే ఎక్కువ. ఎవరింటివాళ్లో అడగకుండా, ఆ వయసు మనిషి తెలియని గొంతుకు అంత చెబుతుందా?

మా ఎడిటర్ తొందరపడ్డాడు. "పక్క సైటువాళ్లు వేసేశారు మేడం. మనమే వెనక."

కొంచెం ఆగమన్నాను. ఊరి రేషన్ దుకాణంలో అడిగి రంగమ్మాళ్ నంబరు పట్టి, తెలుగులో పలకరించాను.

"నువ్వు ఎవురింటి బిడ్డవి, అమ్మిణీ?"

చెప్పాను. అత్తగారి ఊరూ చెప్పాను. అప్పుడు మొదలుపెట్టింది, మరిది మనవరాలికి చెవులు కుట్టిన విందు దగ్గర్నుంచి. ఎవరెవరు వచ్చారో, కోడికూర ఎంత ఆలస్యంగా వడ్డించారో, అది తిన్న పిల్లలే ఎలా కక్కుకున్నారో. ఎడిటర్ నా బల్ల దగ్గరే నిలబడి గడియారం చూస్తున్నాడు. నేను ఆమెను ఆపలేదు.

"కక్కిన గుడ్డలు ఉతకను నీళ్లేడివి? మోటరు కాలిపోయి మూణ్ణాళ్లాయె. తోట బోరునీళ్లే మోసుకొస్తిమి. ఆ సెల్వి పాపం, రిపేరు షాపు కాడనే కూర్చోనుంది."

ఇదివరకు ఎవరికైనా ఫోనులో చెప్పావా పెద్దమ్మా అంటే, తనను అడిగిందెవరు అంది.

రిపేరు షాపుకూ, పంచాయతీ గుమాస్తాకూ ఫోను చేశాను. మోటారు మాట నిజమే. అయితే పక్క సైటులో వార్త చూసి, పైఆఫీసువాళ్లు అప్పటికే సెల్విని పనికి రావద్దన్నారట. మోటారే ఆడలేదని తాను చెప్పినా వినేవాళ్లే లేరన్నాడు గుమాస్తా.

అప్పుడు రాశాను: "పిల్లలు వాంతులు చేసుకున్న రోజు ఆ ఊరి కుళాయిల్లో నీళ్లే రాలేదు. మోటారు మూడు రోజులుగా మరమ్మతులో ఉంది."

మధ్యాహ్నానికి పక్క సైటువాళ్లు తమ వార్త తీసేశారు. మర్నాడు సెల్వి పనిలోకి వెళ్లింది. మెయిల్ పంపిందెవరో ఈరోజుకీ తెలియదు. నంబరు ఇమ్మని తిరిగి రాస్తే జవాబు రాలేదు.

మీకు ఫోనులో వార్త వస్తే, కన్నల్లారా, అది చక్కగా ఉందని నమ్మకండి. ముఖ్యమైనది ముందు రాయాలి, నిజమే. వినేటప్పుడు మాత్రం విందు దగ్గర్నుంచే వినాలి. ఆ రోజు నేను వార్తలో అన్నిటికన్నా ముందు వేసిన మాట, రంగమ్మాళ్ అన్నిటికన్నా చివర చెప్పింది.