బండ మీద పెట్టిన బెల్లం

నా చిన్నప్పుడు, అడవి అంచున ఉన్న కొంటా అనే ఊళ్లో, మా తాతయ్య దుకాణంలో ఉప్పు ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. చేతికిస్తే ఇద్దరికీ గొడవలొస్తాయని మా ఇంట్లో గట్టి నమ్మకం. కొలిచి కింద పెడితే వాళ్లే తీసుకోవాలి. బెల్లం, పొగాకు మాత్రం చేతికే ఇచ్చేవారు. నాకు ఏడేళ్లప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో మసూచి ప్రబలింది. అప్పటి నుంచి తాతయ్య బెల్లం కూడా వాకిట్లో బండ మీద పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు బెల్లం చేతికిచ్చినా గొడవలొస్తాయా ఏమిటని నాకు ఒకటే అయోమయం. అడిగితే నాయనమ్మ కసిరింది.

ఒక సంత రోజు అడవి పక్క ఊరి నుంచి దొర్ల తెగకు చెందిన ఒక పెద్దమ్మ వచ్చింది. గంపెడు సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకెళ్లడం ఆమెకు అలవాటు. వచ్చినప్పుడల్లా నా బుగ్గ గిల్లి, గుప్పెడు పప్పు చేతిలో పోసేది. నేను ఆశగా గడప దాటేలోపే తాతయ్య ఆమెను అక్కడే నిలబడమన్నారు. ఆమె మొహం మాడిపోయింది.

"ఏంది సావుకారి, ఇన్నేళ్లకు మేము అంటరానోళ్లమైనమా?"

గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. అలా వెళ్లిపోతే వచ్చే సంత దాకా వాళ్లింట్లో గంజిలోకి ఉప్పురాయి ఉండదు. అది నాకూ తెలుసు. ఏడుపొచ్చింది. తాతయ్య ఉప్పు మూట తెచ్చి బండ మీద పెట్టి, తానే వెనక్కి నడిచి గోడకు ఆనుకున్నారు.

"నువ్వు కాదక్కా, నేను. పొద్దంత ఎంతమంది వచ్చి పోతున్నరో. ఆ రోగం నా ఒంట్లనే ఉన్నదేమో, ఎవరికెరుక. నీ ఇంట్ల పిల్లలున్నరు. నాకు దూరం ఉండు."

 ఆమె గంప దించి, ఉప్పు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, దూరం నుంచే నా బుగ్గ గిల్లినట్టు వేళ్లు ఆడించింది.

నాకు మాత్రం భయం పట్టుకుంది. తాతయ్యకు రోగమొచ్చిందనుకుని రెండు రోజులు ఆయన దగ్గరికి పోలేదు. ఆయనకు ఏమీ రాలేదు. ఆ మాట నిజంగా అనుకునే అన్నారో, ఆమె మనసు నొప్పించకూడదని అన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొన్నటి కరోనా రోజుల్లో కూరగాయల బండి దగ్గర ఒకావిడ నా మీదమీదకు వస్తోంది. దూరం జరగమనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, నేనే నాలుగడుగులు వెనక్కి వేసి, నాకు దగ్గుందమ్మా అన్నాను. నాకు దగ్గేమీ లేదు.