పొడిగా ఉండాల్సిన చోటు

నాచారం పారిశ్రామికవాడలోని ఒక రంగుల ఫ్యాక్టరీలో మైసమ్మ పనిచేస్తుంది. మెడలో వేలాడే కార్డు మీద కాంట్రాక్టరు పేరు పెద్ద అక్షరాల్లోనూ, ఆమె పేరు చిన్న అక్షరాల్లోనూ ఉంటాయి. వాటి కింద ‘హౌస్ కీపింగ్’ అని ఉంటుంది. అంటే ఊడవడం, తుడవడం. అదే షెడ్డులో టన్నుల బరువు లేపే ఆరు చైన్ పుల్లీలను విప్పి, కడిగి, అరిగిన ముక్క మార్చి, మళ్లీ బిగించేది కూడా ఆమే. ఆ మాట ఏ కార్డు మీదా లేదు.

చైన్ పుల్లీని దగ్గరగా చూడనివాళ్లకు అందులో గొప్పేమిటో తెలియదు. పై దూలానికి ఒక ఇనుప డబ్బా వేలాడుతుంది. దానికి రెండు గొలుసులు. సన్నటిది చేతితో లాగడానికి, లావుది బరువు మోయడానికి. కరెంటు లేదు, మోటారు లేదు. ఒక్క మనిషి సన్న గొలుసును చేయి చాచినంత మేర లాగితే, పదిమంది కలిసినా కదపలేని ఇనుము గోరు మందాన పైకి లేస్తుంది. ఇంకోసారి లాగితే ఇంకో గోరు మందం. చేయి వదిలేస్తే ఎక్కడిది అక్కడే ఆగుతుంది. ఆ ఆగడమే అసలు అద్భుతం. కిందికి పడాలని చూసే బరువే లోపలి మరను తిప్పి, బ్రేకు ప్లేట్లను ఒకదానికొకటి నొక్కిపెడుతుంది. బరువు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిది.

మైసమ్మకు ఈ సంగతి చెప్పింది బుచ్చిరాములు. జనగామ వైపు నుంచి వచ్చిన మెకానిక్కు. ఇరవై రెండేళ్ల కింద ఆయన సామాన్లు కిరోసిన్‌లో కడిగి పెట్టే పనికి ఆమెను తీసుకున్నారు. కడిగిన ముక్కలన్నీ కుప్పగా పోయకుండా, ఊడదీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చి పెట్టేది. ఎవరూ చెప్పలేదు, ఆమెకే తోచింది. ఆయన మొదటి రోజు చూశాడు, రెండో రోజు చూశాడు. మూడో రోజు అడిగాడు.

“ఏందే మైసమ్మా, బతుకమ్మ పేరుస్తున్నవా?”

“అవును మామా. కింది వరస తప్పితే పై వరస నిలవడదు గద.”

ఆ రోజు నుంచి ఆయన ఆమెకు పని చెప్పడం మొదలుపెట్టాడు. రెండు పళ్ల చక్రాల మీద చిన్న చుక్కలుంటాయి, అవి ఎదురెదురుగా రావాలి. గొలుసు లంకెలు అరిగితే సాగుతాయి, పదకొండు లంకెలు కలిపి కొలిస్తే దొంగతనం బయటపడుతుంది. హుక్కు నోరు కొద్దిగా తెరుచుకున్నా దాన్ని మంటలో పెట్టి సుత్తితో వంచకూడదు, పారేయాలి. బ్రేకు దగ్గరి పళ్ల చక్రాన్ని తిరగేసి బిగిస్తే, దాన్ని వెనక్కి తిరగనివ్వని ఇనుప నాలుక పళ్లలో పడదు, బరువు ఆగదు. నేర్చుకునే రోజుల్లో ఒకసారి మైసమ్మ ఆ తప్పే చేసింది. ఆయన తిట్టలేదు. విప్పి బిగించమన్నాడు. మళ్లీ విప్పమన్నాడు. పొద్దుగూకేదాకా తొమ్మిదిసార్లు విప్పించాడు. ఈ రోజుకు ఆమె వేళ్లు కళ్లతో పనిలేకుండా ఆ చక్రం ముఖం ఎటో చెప్పగలవు.

బుచ్చిరాములు పని మానేసి ఊరికి వెళ్లాక ఫ్యాక్టరీ ఇంకో మెకానిక్కును పెట్టుకోలేదు. మైసమ్మ చేస్తూనే ఉంది కదా, ఎందుకు? పని మెకానిక్కుది, హోదా చీపురుది. ఈ పారిశ్రామికవాడలో ఇలాంటి అన్యాయానికి పేరు కూడా లేదు. అందరికీ అలవాటైపోయింది.

ఇక నేను చెప్పదలచుకున్న రోజు. దసరా సెలవులు అయ్యాక ఫ్యాక్టరీ తెరిచిన మొదటి రోజు.

రంగు కలిపే పెద్ద మిక్సర్ కింద నూనె కారుతోంది. దాని గేర్‌బాక్సు బరువు టన్నున్నర. దాన్ని చైన్ పుల్లీతో మూడడుగులు పైకి లేపాలి. ఒక మనిషి దాని కింద వెల్లకిలా పడుకుని, అడుగున నూనెను ఆపే పాత ఆయిల్ సీలు తీసి కొత్తది ఎక్కించాలి. ఆ మనిషి దయాకర్. ముప్పై నాలుగేళ్లవాడు, ఫిట్టరు, చేయి తిరిగినవాడు. మధ్యాహ్నానికి మిక్సర్ నడవాలని సూపర్‌వైజర్ నరేందర్‌కు పైనుంచి ఒకటే ఫోన్లు.

మైసమ్మ అప్పుడు షెడ్డు రెండో కొసన ఊడుస్తోంది. గేర్‌బాక్సు లేస్తోంది. గొలుసు లాగినప్పుడల్లా డబ్బాలోంచి టక్, టక్ అని రావాలి. ఇనుప నాలుక పళ్లలో పడే చప్పుడు అది. ఆ రోజు ఆ చప్పుడు బురదలో అడుగు వేసినట్టు మెత్తగా వచ్చింది. ఆమె చీపురు ఆపింది. తల ఎత్తి చూసింది. గొలుసు లాగేవాళ్లు చేతులు వదిలారు. గేర్‌బాక్సు ఆగింది. ఆగినట్టే ఆగి, వేలెడంత కిందికి జారింది. మళ్లీ ఆగింది.

దయాకర్ అప్పటికే గోనెసంచి పరిచి, నేల మీద కూర్చుని కాళ్లు చాపుతున్నాడు.

“దయాకరూ! లేవ్!”

ఆ అరుపుకు షెడ్డంతా ఉలిక్కిపడింది. దయాకర్ లేచి నిలబడ్డాడు.

“ఏందక్కా, పాము గిట్ల కనవడ్డదా?”

“పామైతే కరుస్తది, దవాఖానకన్న పోవచ్చు. పక్కకు జరుగు ముందు.”

నరేందర్ పరుగున వచ్చాడు. “ఏమైంది మైసమ్మా? పని నడుస్తుంటె మధ్యల ఏంది?”

“జారుతున్నది సారు. బ్రేకు పట్టుకుంటలేదు.”

“రెండు టన్నుల పుల్లీ అది. టన్నున్నరే గద లేపింది. కొద్దిగ సర్దుకుంటది, గంతే.”

“సర్దుకున్నది కాదు. జారింది. దించుండ్రి.”

“నువ్వు ఊడ్సుకో పో. నేను సూస్కుంట.”

ఆమె కదలలేదు. గొంతు కూడా పెంచలేదు. “మీరు సూస్కుంటరు సారు. కింద పండేది మీరు గాదు.”

దయాకర్ గోనెసంచిని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. “సారు, అక్క సరే అంటెనే నేను కింద పండుత. లేకుంటె లేదు” అన్నాడు. గొలుసు దగ్గరున్న ఇద్దరూ అటూ ఇటూ చూసి, నరేందర్ చెప్పకముందే దించడం మొదలుపెట్టారు. అందరినీ దూరం జరిపి, చేతి గొలుసు మీద పట్టు వదలకుండా, నెమ్మదిగా గేర్‌బాక్సును దాని చోట కూర్చోబెట్టారు.

పుల్లీని దూలం నుంచి కిందికి తెచ్చాక మైసమ్మ చేతులు కడుక్కుని, తెల్ల గుడ్డ పరిచింది. పక్క మూత నట్లు విప్పింది. మూత తీయగానే లోపల పసుప్పచ్చని గ్రీజు ముద్దలు ముద్దలుగా కనిపించింది. పళ్ల చక్రం కనబడడం లేదు. బ్రేకు ప్లేట్లు గ్రీజు తాగి నల్లగా మెరుస్తున్నాయి.

“ఎవలు వెట్టిన్రు ఇది?”

దయాకర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

“నేనే అక్కా. ఆయుధపూజ నాడు.”

సెలవులకు ముందు రోజు షెడ్డులో పూజ చేశారు. మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఆ రోజు సద్దుల బతుకమ్మ, మైసమ్మ సెలవులో ఉంది. ఈ చైన్ పుల్లీ దయాకర్ వంతుకు వచ్చింది. దాన్ని పైపైన తుడిస్తే అతనికి మనసొప్పలేదు. మూత విప్పి, చేతినిండా గ్రీజు తీసి లోపలంతా నింపాడు.

“పండుగకు మనం తలకు నూనె వెట్టుకుంటం గదక్కా. దానికి వెట్టొద్దా? మస్తు ఎండిపోయి ఉండె లోపల.”

మైసమ్మ అతని ముఖం వైపు చూసింది. ఆమెకు కోపం రాలేదు. తన మీద పడబోయే బరువును తన చేతులతోనే, భక్తిగా, పండుగ పూట సిద్ధం చేసిపెట్టుకున్నాడు ఆ మనిషి.

“గొలుసుకు వెట్టు, పళ్లకు వెట్టు, మొక్కుతా. బ్రేకుకు మాత్రం ఒద్దు తమ్మీ. ఎండిపోయి ఉంటెనే అది పట్టుకుంటది. తడి తగిలిందో, కాలు జారినట్టే జారుతది.”

“నాకెవలు జెప్పిన్రు అక్కా?”

నిజమే, ఎవరు చెప్పారు? షెడ్డు స్తంభానికి ఇంగ్లీషులో ఒక బోర్డు ఉంది. దాన్ని చదవగలిగినవాళ్లు బరువుల కింద పడుకోరు. పడుకునేవాళ్లు చదవలేరు. దయాకర్ పదకొండేళ్లుగా ఆ షెడ్డులో ఉన్నాడు. ఆ డబ్బా లోపల ఏముంటుందో అతనికి ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. ప్రమాదం జరిగితే మాత్రం ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాయడానికి కాగితం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

“కడిగి బిగించు మరి తొందరగ” అన్నాడు నరేందర్.

“ప్లేట్లు కడిగితే పోదు సారు. గ్రీజు లోపలికి ఇంకింది. కొత్తయి గావాలె.”

“స్టోర్ల లేవు.”

“ఉప్పల్‌ల దొరుకుతయి. పాతది జేబుల ఏసుకొని పోండ్రి. లేకుంటె దుకాణపోడు ఏదో ఒకటి అంటగడతడు.”

నరేందర్ వంగి పాత ప్లేటు తీసుకున్నాడు. ఫోను మళ్లీ మోగింది. దాన్ని కట్ చేసి, నల్లటి బ్రేకు ప్లేటును కాగితంలో చుట్టి ప్యాంటు జేబులో పెట్టుకుని తనే బండి తీశాడు. వెనక నుంచి ఎవరో అన్నారు, “జేబు ఖరాబైతది సారు!” దయాకర్ తల దించుకునే నవ్వాడు.

ఉప్పల్ రింగు దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని ఆయన గంటన్నరకు వచ్చాడు. ఆలోగా ఆమె చేసిన పనిని షెడ్డులో చూడనివాళ్లు లేరు. ఒక్కో ముక్క విప్పింది, కిరోసిన్‌లో కడిగింది, పొడిగుడ్డతో తుడిచింది, వరసలో పెట్టింది. ఇనుప నాలుక వెనకాల ఉన్న చిన్న స్ప్రింగును రెండు వేళ్ల మధ్య నొక్కి వదిలింది. పళ్ల చక్రాన్ని వెలుతురుకు పెట్టి ఒక్కో పన్నూ చూసింది. లోడు మోసే లావు గొలుసు పదకొండు లంకెలు కొలిచింది. హుక్కు నోరు కొలిచింది, దాని మూత తనంతట తాను మూసుకుంటోందో లేదో నాలుగుసార్లు చూసింది. ఆ సేపంతా ఆమె వేళ్లు ఒక్కసారి కూడా తడుముకోలేదు. పక్కన దయాకర్ గొంతుకూర్చున్నాడు.

“ఇది ఏంది అక్కా?”

“గీ చుక్క సూడు. గా చక్రం మీద ఇంకో చుక్క ఉంటది. రెండూ ఎదురుంగ రావాలె. ఇగో, నువ్వు పెట్టు.”

అతను పెట్టాడు. ఆమె వేలితో తడిమి చూసి తల ఊపింది.

కొత్త ప్లేట్లు వచ్చాక ఆమె చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుకు కాకుండా శుభ్రమైన గుడ్డకు తుడుచుకుంది. ప్లేట్లను అంచులు పట్టుకునే తీసింది, మధ్యలో వేలు తగలనివ్వలేదు. పళ్ల చక్రం, ఇటు ఒక ప్లేటు, అటు ఒక ప్లేటు. పైన చేతి గొలుసు చక్రం. నట్టు, అది ఊడకుండా దాని రంధ్రంలో కొత్త స్ప్లిట్ పిన్ను. పాతదాన్ని వంచి మళ్లీ వాడదామని ఎవరో అంటే వినిపించుకోలేదు. మూత బిగించింది. గొలుసు మెలి పడిందేమోనని కొస నుంచి కొస వరకూ చేత్తో జారవిడుస్తూ చూసింది. దూలానికి ఎక్కించాక ఉత్తి హుక్కుతో పైకీ కిందికీ నడిపించింది.

టక్, టక్, టక్. ఎండు కట్టె విరిచినట్టు.

గేర్‌బాక్సుకు మళ్లీ హుక్కు తగిలించారు. ఈసారి గొలుసు ఆమే పట్టుకుంది. అర అడుగు లేపి చేయి వదిలింది. మిగిలినవాళ్లను వెనక్కి పంపింది. సుద్దముక్క తీసుకుని, నిచ్చెనెక్కి, లోడు గొలుసు డబ్బాలోంచి బయటికి వచ్చే చోట ఒక లంకె మీద తెల్లగా గీత గీసింది.

“ఇగ సూస్కుంట నిలవడుండ్రి. పది నిమిషాలు.”

“ఏం సూడాలె?” అన్నాడు నరేందర్.

“ఏం గాకపోవుడు సూడాలె సారు.”

ఇరవై మంది ఒక సుద్దగీతను చూస్తూ నిలబడ్డారు. బయట రోడ్డు మీద షేర్ ఆటోల హారన్లు. మౌలాలి వైపు ఏదో గూడ్సు బండి పోయింది, నేల సన్నగా అదిరింది. గేర్‌బాక్సు కదల్లేదు. టన్నున్నర ఇనుము గాలిలో, అరచేయంత రెండు ప్లేట్ల పట్టు మీద, ఒక ఊడ్చే మనిషి వేళ్ల లెక్క మీద నిలబడి ఉంది. నరేందర్ మొదట ఫోనులో టైము చూశాడు, తరువాత ఫోను జేబులో పెట్టేసి గీతనే చూశాడు. పది నిమిషాలయ్యాయి. గీత ఉన్నచోటే ఉంది.

మైసమ్మ మూడడుగులు లేపింది. మళ్లీ ఆగింది. మళ్లీ గీత, మళ్లీ ఎదురుచూపు. ఆ తరువాత పాత రైలుపట్టాల దుంగలు తెప్పించి, ఎవరూ కిందికి దూరకుండా కర్రలతో తోయించి, గేర్‌బాక్సు రెండు అంచుల కిందా దానికి ఆనేలా పేర్పించింది.

“పుల్లీ మంచిగనె ఉన్నది గద, మళ్ల దుంగలెందుకు?” అన్నాడు నరేందర్. ఈసారి నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు.

“పుల్లీ మంచిగున్నా మనిషి ఒక్కడే సారు.”

అప్పుడు దయాకర్ వైపు తిరిగింది. “ఇగ పో.”

అతను గోనెసంచి పరిచి వెల్లకిలా జారి లోపలికి వెళ్లాడు. మోకాళ్ల కింది భాగం మాత్రమే బయట కనబడుతోంది. స్పానర్ తగిలిన చప్పుళ్లు, ఒక మూలుగు, ఒక తిట్టు.

“అక్కా, ఈడ సల్లగ ఉన్నది. జర పండుకొని వస్త.”

“సీలు ఎక్కియ్యి ముందు. ఇంటికి పోయినంక పండు.”

పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఆమె చేతి గొలుసు పక్కనుంచి కదలలేదు, కళ్లు గీత మీద నుంచి తీయలేదు. ముఖమంతా నూనెతో దయాకర్ బయటికి వచ్చాక, గేర్‌బాక్సును వెంట్రుకవాసి లేపి దుంగలు లాగించింది. తరువాత ఆ యాభై రెండేళ్ల మనిషి, చీర కుచ్చిళ్లు దోపుకుని, టన్నున్నర ఇనుమును ఒక్కతే కిందికి దించసాగింది. గోరు మందం. ఇంకో గోరు మందం. నరేందర్ వంగి బోల్టు రంధ్రాలు చూస్తూ “ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగు మైసమ్మక్కా” అన్నాడు. ఆమె ఆగింది. బరువు ఆగింది. దయాకర్ మొదటి బోల్టును రంధ్రంలో పెట్టాడు. వేలితో తోస్తే లోపలికి దిగిపోయింది.