కుచ్చుతాడు

పారిస్‌లో పెద్దవాళ్లెవరైనా పోయారంటే మాజీ మంత్రి బ్రిసార్ కొత్త నల్ల చేతితొడుగులు కొంటాడు. ఆయన మూడుసార్లు మంత్రి అయ్యాడు. మూడుసార్లూ సాటివాళ్లే సభలో ఓట్లేసి పడగొట్టారు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. సారా మానేశాడు, మెడకు ఉన్నిపట్టీ చుట్టాడు, ఒంటిని పసిబిడ్డలా సాకుతూ గోతికాడ నక్కలా కూర్చున్నాడు. పడగొట్టినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే, శవపేటిక మీది ముఖమల్ గుడ్డకు వేలాడే కుచ్చుతాడు పట్టుకుని శ్మశానం దాకా పక్కనే నడిచాడు. మాజీ మంత్రులకు దక్కే గౌరవం అది. దారి మధ్యలో ఎవరూ చూడకుండా తాడును ఒక్కసారి గుంజి, "పద, పద" అని గొణిగేవాడు.

ఆఖరివాడు గోద్రాన్. మంత్రి పదవితో పాటు, బ్రిసార్‌కు రావలసిన పెద్ద పతకాన్నీ తన్నుకుపోయినవాడు. అతని శవయాత్ర పొద్దున బ్రిసార్ అందరికంటే ముందే వచ్చి తాడుకు చెయ్యి చాచాడు. గోద్రాన్ భార్య అడ్డొచ్చింది.

"తాళ్లు మా తోటమాలీ వాళ్లూ పట్టుకుంటారు లెండి. మీకు వేరే పని చెప్పిపోయారు మావారు."

"ఏం పనమ్మా?"

"ఆయన పతకం మీరే మొయ్యాలట. దాని విలువ మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదన్నారు."

నల్ల దిండు మీద పతకం పెట్టి బ్రిసార్ రెండు చేతుల్లో ఉంచింది. వీధి వీధంతా చూస్తోంది, కాదనడానికి లేదు. వాన మొదలైంది. కారే ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, బ్రిసార్ ఆ శవం బండి వెనకాలే నడిచాడు. దారి పొడుగునా జనం ఆ పతకానికి టోపీలు తీస్తూనే ఉన్నారు.